మరిగే నీళ్ల పరీక్ష

నందిగామలో ఒక జూనియర్ కాలేజీలో ఇరవై ఆరేళ్లుగా కెమిస్ట్రీ చెబుతున్నాను. పిల్లలు నన్ను వెనకాల ‘చుక్క మాస్టారు’ అంటారు. నాకు వినపడదనుకుంటారు. ల్యాబులో ఒక్క చుక్క ఎక్కువ పడినా మళ్లీ మొదటి నుంచి చేయిస్తానని ఆ పేరు వచ్చింది. పైకి కోప్పడతాను గానీ, ఆ పేరంటే నాకు లోలోపల గర్వమే. అలాంటి నేను, చుక్క తేడా కూడా ఒప్పుకోని నేను, మా అమ్మ చేసిన తోలును నలుగురి ముందు నిలబడి పచ్చితోలని తేల్చేశాను. ఈ సంగతి ఇంకెవరో చెప్పుకుని నవ్వేలోగా నేనే చెప్పడం మంచిది.

మా అమ్మ పేరు రాఘవమ్మ. వయసు డెబ్బై రెండు. పెనుగంచిప్రోలులో మున్నేటి వైపు మాదిగపేట చివర ఇల్లు మాది. ఇంటి వెనక రెండు లందలున్నాయి. లంద అంటే తోళ్లు నానబెట్టడానికి నేలలోకి దించి కట్టిన తొట్టి. మా తాత కట్టించాడు. నాన్న ఉన్నన్నాళ్లూ ఆయనా అమ్మా కలిసి పచ్చితోళ్లు కుళ్లిపోకుండా పదును చేసేవాళ్లు. ఆయన పోయాక అమ్మ ఒక్కతే చేసింది. ట్రాక్టర్లొచ్చి, నైలాను తాళ్లొచ్చి, ప్లాస్టిక్ చెప్పులొచ్చి పని ఆగిపోయింది. పన్నెండేళ్ల కిందట ఆఖరి తోలు బయటికి తీసి లందల మీద రేకులు కప్పింది. వాటిని పూడ్చేసి అక్కడ ఒక గది వేసుకుందామని నేను ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఆ మాటెత్తినప్పుడల్లా మా అమ్మకు చెవుడు వచ్చేది.

దాచడమెందుకు, ఆ లందలంటే నాకు చిన్నతనం నుంచీ పడేది కాదు. తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు రోజూ ముక్కు మూసుకునేవాడు. నేను రోజూ ముందుకన్నా గట్టిగా సబ్బు రుద్దుకునేవాణ్ణి. ఆ లందల సంపాదనతోనే అమ్మ నన్ను ఎమ్మెస్సీ దాకా చదివించింది. అది నేను మర్చిపోలేదు. కానీ టానిన్ల పాఠం వచ్చినప్పుడల్లా, ‘చెట్ల బెరడులో ఉంటాయి, తోళ్లు పదును చేయడానికి వాడతారు’ అని పుస్తకంలో ఉన్న రెండు వాక్యాలూ చదివి పేజీ తిప్పేసేవాణ్ణి. ఆ వాడేవాళ్లు మావాళ్లేనని ఇరవై ఆరేళ్లలో ఒక్క క్లాసులోనూ అనలేదు.

మొన్న దసరా వెళ్లిన వారానికి, ఒక ఆదివారం పొద్దున నేను అక్కడుండగానే, వత్సవాయి వైపు నుంచి వీరరాఘవయ్య గారు వచ్చారు. బండలాగుడు పందేల్లో పేరున్న రైతు. ఆయన ఒంగోలు జతను పెద్దోడు, చిన్నోడు అని పిలుస్తారు. పదేళ్లపాటు పక్కపక్కన కాడి మోసిన ఆ జతలో పెద్దోడు రెండు నెలలు జబ్బుతో పడి ఉండి ముందురోజు సాయంత్రం చనిపోయాడు. పొలంలో గుంత తీయించాక ఆయనకు తోలుతో సహా పూడ్చబుద్ధి కాక, ఒలిపించి ఉంచారట. పెద్దోడు మంచాన పడ్డప్పుడే చిన్నోడికి కొత్త జోడు తెచ్చారు గానీ, ఎద్దు మెడ కింద నుంచి కాడికి బిగించే పట్టెడలతోనే చిక్కు వచ్చింది. షాపులో కొన్నవి చెమటకు తడిసి సాగిపోతున్నాయి. కాడి జారి చిన్నోడి మెడ పుండు పడింది. వాళ్ల నాన్న హయాంలో మా తాత చేసిచ్చిన పట్టెడలు ముప్పై ఏళ్లు నడిచాయని ఆయనకు గుర్తొచ్చింది.

“పెద్దోడి తోలుతో చిన్నోడికి పట్టెడలు చేసిపెట్టు రాఘవమ్మా,” అన్నారు గోడ వైపు చూస్తూ. “పదేళ్లు పక్కనే ఉన్నాడు. ఇకముందు కూడా ఉంటాడు.”

అమ్మకు వయసైపోయిందనీ, ఆ పని వదిలేసి చాలా ఏళ్లయిందనీ నేను మర్యాదగా మొదలుపెట్టాను. నా మాట సగంలో ఉండగానే అమ్మ ఆయన్ని వరసగా ప్రశ్నలడగడం మొదలెట్టింది. ఎన్ని గంటలకు పోయాడు, ఉప్పు రాశారా, నీడలో పెట్టారా, వీపు మీద ఎక్కడైనా కొరడా దెబ్బలున్నాయా. ఆయన సొంత ఎద్దు మీద కొరడా ఎత్తలేదని రోషంగా చెప్పారు. అమ్మ తల ఊపి, వెళ్లి లందల మీద రేకులు తీసేసింది. ఇక నేను చెప్పడానికేమీ మిగల్లేదు.

అయినా ఊరుకున్నానా. విజయవాడ నుంచి క్రోమ్ పొడి తెప్పిస్తాననీ, ఈ రోజుల్లో తోళ్లన్నీ దాంతోనే చేస్తారనీ, వారంలో పని పూర్తవుతుందనీ అమ్మకు చెప్పాను. చేసిన తర్వాత ఆ విషపు నీళ్లు ఎక్కడ పోస్తావని అడిగింది. నేను మున్నేటి వైపు చూశాను. నేను చూసింది ఆమె చూసింది. ఆ విషయం మళ్లీ మా మధ్య రాలేదు.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం నందిగామ నుంచి బస్సెక్కాను. అమ్మకు సాయం చేయడానికని చెప్పుకున్నాను గానీ, వెళ్లి చేసింది ఎక్కువగా చూడటమే. ముందు తోలును మంచినీళ్లలో నానబెట్టి ఉప్పు వదిలించింది. తర్వాత పది రోజులు సున్నపు నీళ్లలో ఉంచింది. జగ్గయ్యపేట సున్నం ఉండగా వేరే ఊరిది చేత్తో ముట్టనంటుంది. వెంట్రుకలు వదులయ్యాక తోలును ఏటవాలు మొద్దు మీద పరిచి, మొండి కత్తితో గీకి, లోపలి వైపు కండ తీసేసింది. ఆ కత్తి పట్టినప్పుడు మా అమ్మ నడుం నొప్పి ఎటు పోయేదో నాకు తెలియదు.

సున్నం పోవడానికి తోలును పులిసిన తవుడు నీళ్లలో వేసింది. సున్నం ఇంకా ఉందో పోయిందో చూడటానికి నేను కాలేజీ నుంచి ఫినాఫ్తలీన్ సీసా పట్టుకెళ్లాను. తోలు అంచు కోసి ఒక చుక్క వేస్తే, సున్నం మిగిలి ఉంటే గులాబీ రంగు వస్తుంది. రాలేదు. నేను సంబరంగా ఆ సంగతి చెప్పబోతే, అమ్మ అంతకుముందే అంచును నాలుకకు తాకించి, నీళ్లు పారబోసి, తొట్టి కడిగేసి ఉంది. నాకు కొంచెం చిన్నతనంగా అనిపించింది. అదే నన్ను తర్వాత పెడదారి పట్టించిందేమో.

ఆ తర్వాత తంగేడు చెక్క. జగ్గయ్యపేట పక్క మెట్టల మీద తంగేడు పొదలకు కొదవ లేదు. పేటలో నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని అమ్మ స్వయంగా వెళ్లి బెరడు ఒలిపించి తెచ్చింది. దంచి నీళ్లలో నానబెడితే ఎర్రటి కషాయం దిగుతుంది. ముందు పలచటి నీళ్లలో, తర్వాత చిక్కటి నీళ్లలో తోలును మార్చాలి. మొదటే చిక్కటి దాంట్లో వేస్తే పైపొర బిగుసుకుపోయి కషాయం లోపలికి దిగదు. ఎప్పుడు మార్చాలో అమ్మ నీళ్లు నాలుక మీద వేసుకుని చెప్పేది. వగరు తగ్గిందంటే ఆ వగరు తోలులోకి పోయినట్టు. చివరి పదిహేను రోజులు తోలును సంచిలా కుట్టి, దూలానికి వేలాడదీసి, లోపల దంచిన చెక్కా కషాయమూ నింపింది. ఒక్కొక్క చుక్కే కింద బానలోకి పడేది. పడిన నీళ్లు మళ్లీ పైకెత్తి పోసేది. వీరరాఘవయ్య గారు మధ్యలో రెండుసార్లు వచ్చారు. వేలాడుతున్న సంచిని చూడలేక వాకిట్లోనే కూర్చుని వెళ్లిపోయారు.

రెండోసారి వచ్చినప్పుడు నన్ను పక్కకు పిలిచారు.

“లెక్చరర్ గారూ, మీ అమ్మ పని మీద నమ్మకం లేక కాదు. పరుగులో పట్టెడ తెగిందంటే చిన్నోడి కాలు విరుగుద్ది. మీరు చదువుకున్నోళ్లు. ఒకసారి టెస్టు చేసి చెప్పండి, చాలు.”

నా ఛాతీ ఉబ్బింది. మా లందల దగ్గరికి చదువుతో వెళ్లే అవకాశం నాకు అప్పటిదాకా రాలేదు.

నలభై మూడో రోజు ఆదివారం పడింది. వీరరాఘవయ్య గారు మరో ఇద్దరు ఎడ్ల రైతులను వెంట తెచ్చారు. వాళ్లకూ పట్టెడలు కావాలి. ఇది బాగుంటే అమ్మకే చెబుతామన్నారు. పేటలో వాళ్లు పది మంది దాకా చేరారు. అమ్మ సంచి విప్పి, తోలు కడిగి, నీడన ఆరబెట్టి, ఉలికత్తి చేతిలో పట్టుకుని సిద్ధంగా ఉంది. తోలు మెడ దగ్గర మందంగా ఉంటుంది. అక్కడ కోసి లోపలి రంగు చూపించడం మా ఇంట్లో పద్ధతి. నేను ఆమె చేయి పట్టుకుని ఆపాను.

“కత్తి వద్దమ్మా. దీనికి సైంటిఫిక్ టెస్టు ఉంది,” అన్నాను, అందరికీ వినపడేలా.

గ్యాసు పొయ్యి బయట పెట్టించాను. కాలేజీ బీకరులో నీళ్లు మరిగించాను. రెండ్రోజుల ముందు ఫోనులో చదివిన పరీక్ష అది. తోలు ముక్కను మరిగే నీళ్లలో మూడు నిమిషాలు ఉంచాలి. ముడుచుకోకపోతే పదును పూర్తయినట్టు. ఇదంతా క్లాసులో చెప్పినట్టే చెప్పి, తోలు అంచు నుంచి రెండు పట్టీలు కోసి, ఒకటి జేబులో పెట్టుకుని, ఇంకొకటి పట్టకారుతో నీళ్లలోకి దించి ఫోనులో టైము పెట్టాను.

అర నిమిషం కాలేదు. పట్టీ మెలితిరిగింది. నిమిషానికల్లా సగానికి కుంచించుకుని, నల్లబడి, గట్టిపడిపోయింది.

అందరూ నా మొహం వైపు చూస్తున్నారు. అప్పుడైనా ఆగి ఆలోచించవలసింది. ఆలోచించలేదు. అమ్మ చేసిందని కూడా చూడకుండా నిజం చెబుతున్నానన్న గొప్ప ఒకటి నన్ను పట్టుకుంది.

“పదును పూర్తి కాలేదండి. లోపల పచ్చిగానే ఉంది,” అన్నాను.

అమ్మ పట్టకారు నా చేతిలోంచి తీసుకుని ఆ ముక్కను వెలుగులో పెట్టి చూసింది.

“నువ్వు దీన్ని ఉడకబెట్టావు కృపా,” అంది. ఆ గొంతులో కోపం లేదు.

వీరరాఘవయ్య గారు లేచి కండువా దులిపి భుజాన వేసుకున్నారు. గుంతలో పూడ్చిపెట్టినా బాగుండేదని ఎవరితోనో అన్నట్టు అన్నారు. నా మాటకు చలించని మా అమ్మ ఆ మాటకు మాత్రం కళ్లు దించుకుంది. తోడు వచ్చిన రైతులిద్దరూ బండెక్కారు. పేటవాళ్లు కూడా ఒక్కొక్కరే ఇళ్లకు వెళ్లారు. తోలును ఇంకో ఇరవై రోజులు కషాయంలో వేద్దామని నేను ఓదార్పుగా అన్నాను. అమ్మ ఆముదం గిన్నె తెచ్చుకుని, తోలు పరిచి, అరచేత్తో నూనె పట్టించడం మొదలుపెట్టింది. బస్సు వేళయిందని నాకు గుర్తుచేసింది.

మర్నాడు ఇంటర్ రెండో సంవత్సరం పిల్లలకు ప్రోటీన్ల పాఠం. ఉడికిన ముక్కనూ బాగున్న పట్టీనీ వెంట తీసుకెళ్లాను. పూర్తికాని ప్రయోగానికి ఉదాహరణగా చూపిద్దామని, ఎవరిదో పేరు చెప్పకుండా. తోలంతా కొలాజెన్ అనే ప్రోటీను దారాలే కదా, ఆ దారాలను పదును ఎలా పట్టి ఉంచుతుందో బోర్డు మీద గీశాను. క్రోమియం ఒక పక్కా ఇంకో పక్కా బలమైన సమన్వయ బంధాలతో పట్టుకుంటుంది. అందుకే మరిగే నీళ్లకు కూడా చెక్కు చెదరదు. పక్కనే ఇంకో బొమ్మ గీసి, టానిన్లు ఎక్కువగా హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయని రాశాను.

అలా రాశాక చేయి ఆగిపోయింది. హైడ్రోజన్ బంధాలు వేడికి వదులైపోతాయని నేనే ఇరవై ఆరేళ్లుగా చెబుతున్నాను. టానిన్లతో చేసిన తోలు మరిగే నీళ్ల దాకా నిలబడనే నిలబడదు. నిలబడాల్సిన అవసరమూ లేదు. ఎద్దు మెడ మీద నీళ్లు మరగవు.

పిల్లలను కూర్చోమని చెప్పి ఫోను తీసి ఆ పరీక్ష మళ్లీ చదివాను. మొదటి వాక్యంలోనే ఉంది, క్రోమ్ తోలుకు అని. నేను రెండో వాక్యం నుంచి చదివాను. ఇదే పని పిల్లలు ప్రశ్నపత్రంలో చేస్తే నేను సున్నా వేస్తాను.

క్లాసంతటినీ ల్యాబుకు తీసుకెళ్లాను. బాగున్న పట్టీలోంచి ఒక ముక్క కోసి చల్లటి నీళ్లలో వేసి, థర్మామీటరు పెట్టి, సన్నటి మంట మీద వేడి చేశాను. పచ్చితోలైతే అరవై డిగ్రీలు దాటుతుండగానే ముడుచుకుంటుంది. అరవై దాటింది. డెబ్బై దాటింది. ఎనభై దగ్గర కూడా ముక్క నిటారుగా ఉంది. ఎనభై మూడుకు మెలితిరిగింది. చెక్కతో చేసిన తోలు నిలవాల్సినంతా నిలిచింది. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పిల్లలు ఆవిరి తగిలిందనుకుని ఉంటారు.

అప్పుడు వాళ్లకు చెప్పాను. ఈ తోలు పదును చేసింది మా అమ్మ, మా తాతల కాలం నుంచి మా ఇంటి పని ఇదేనని. నాగశ్రీ అనే అమ్మాయి, సున్నం పోయిందని ఆవిడకు ఎలా తెలుస్తుంది సార్ అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పడానికి మిగిలిన పీరియడంతా పట్టింది. టానిన్ల పాఠం నేను మొదటిసారి చెప్పింది ఆ రోజే.

మధ్యాహ్నం సెలవు పెట్టి వీరరాఘవయ్య గారికి ఫోను చేస్తే జగ్గయ్యపేటలో ఎడ్ల మెడపట్టీల కొట్టు దగ్గర ఉన్నానన్నారు. బస్సు దిగి పరుగు లాంటి నడకతో వెళ్లాను. పరీక్ష తప్పనీ, తోలు తప్పు లేదనీ, థర్మామీటరు లెక్కలు కాగితం మీద చూపించి చెప్పాను. ఆయన కాగితం శ్రద్ధగానే చూశారు. మడిచి నా చేతిలో పెట్టారు.

“నిన్న లెక్చరరుగా చెప్పారు. ఇవాళ కొడుకుగా చెబుతున్నారు. నేనేది నమ్మాలి మాస్టారూ?”

నిన్నటి నా మాట ఎంత బరువుగా పడిందో, ఇవాళ్టి మాట అంత తేలికైపోయింది. ఆయన కొత్త పట్టీలు కొనుక్కుని వెళ్లిపోయారు.

ఆటోలో పెనుగంచిప్రోలు చేరేసరికి అమ్మ అరుగు మీద కూర్చుని కుడుతోంది. తోలును అప్పటికే పట్టెడలుగా కోసేసింది. నూనె దిగి అవి కొత్త బెల్లం రంగులో ఉన్నాయి. పక్కన కూర్చుని అంతా చెప్పాను. క్రోమ్ సంగతి, హైడ్రోజన్ బంధాల సంగతి, ఎనభై మూడు డిగ్రీల సంగతి. సంతోషపడుతుందనుకున్నాను.

“తోలు బాగుందని నాకు నిన్ననే తెలుసుగా,” అంది సూది ఆపకుండా. “నీకెప్పటికి తెలుస్తదా అని చూస్తన్నా.”

“తప్పు చేశానమ్మా.”

“టెస్టు తప్పు కావచ్చు. అది పెద్ద మాటేం కాదు. నన్ను కోయనివ్వలేదు చూడు, అదీ తప్పు.”

కొడితే బాగుండుననిపించింది. నా యాభై రెండేళ్ల వయసులో అమ్మ ముందు తలెత్తలేక, మైనం పూసిన దారం అందిస్తూ చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.

మర్నాడు పొద్దున్నే పట్టెడలు సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని, వీరరాఘవయ్య గారి చావడికి బయల్దేరింది. మా నాన్న ఆ వాకిటి ముందు చెప్పులు విడిచి బయటే నిలబడి ‘దొరా’ అని పిలిచేవాడు. అమ్మ చెప్పులతోనే నడిచి లోపల ఎడ్ల కొట్టం దాకా వెళ్లింది. పందేల రైతులిద్దరూ అక్కడే ఉన్నారు. మంచిదైంది, ఆదివారం నా మాట విన్నవాళ్లే వాళ్లు.

అమ్మ ఒక పట్టెడ, ఉలికత్తి రెండూ తీసి ఆయన ముందు పెట్టింది.

“ఎక్కడ మందంగా ఉందో చూసి మీరే కోయండి వీరరాఘవయ్య గారూ. లోపల పచ్చి ఉంటే నడిమధ్యలో తెల్లటి గీత కనపడుద్ది. పిసరంత గీత ఉన్నా ఈ పూటే నా లందలు నేనే పగలగొట్టుకుంటా.”

ఆయన కత్తి పట్టుకున్నారు. పెద్దోడి తోలు మీద పెట్టలేకపోయారు. కత్తి వెనక్కిచ్చేశారు. అమ్మ పట్టెడ కొస మందంగా ఉన్నచోట ఒక్క కోత కోసి, అంచు వెలుగుకు పెట్టింది. పైనుంచి కింద దాకా ఒకటే రంగు. తెల్ల గీత లేదు. రైతులిద్దరూ వంగి చూశారు. వీరరాఘవయ్య గారు బొటనవేలితో ఆ అంచును చాలాసేపు తడిమారు. తర్వాత చిన్నోణ్ణి కాడికి కట్టమని పాలేరుకు చెప్పారు.

చిన్నోడికి అమ్మ చేసిన పట్టెడ. కొత్త ఎద్దుకు ముందురోజు కొన్న షాపు పట్టీ. అమ్మ నా వైపు తిరిగి, బకిలు దగ్గర రెండిటికీ సుద్ద గీత పెట్టమంది. “సుద్దముక్క నీ జేబులో ఉంటదిగా,” అంది. ఉంది. గీతలు పెట్టాను. నా చేత్తో నేను పెట్టిన కొలతల్లో అంత భయంగా పెట్టినవి లేవు.

బండకు గొలుసు తగిలించారు. చిన్నోడు పెద్దోడి వాసన పట్టాడో, మెడకు బిగువు హాయిగా తగిలిందో నాకు తెలియదు. అదిలించకముందే కాలు వేశాడు. చావడి వెనక దారిలో ఆ చివరి నుంచి ఈ చివరికి మూడుసార్లు బండ లాగించారు. నిలిపేసరికి రెండు ఎడ్లూ చెమటతో తడిసి ఉన్నాయి. వీరరాఘవయ్య గారు ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. ఆయనే వంగి కొత్త ఎద్దు వైపు చూశారు. షాపు పట్టీ మీద గీత బకిలుకు రెండు వేళ్లు జరిగింది. ఇటు వచ్చి చిన్నోడి వైపు చూశారు. గీత పెట్టినచోటే ఉంది. వేలు దూర్చి మెడ కింద రాపిడి ఏమన్నా పడిందేమో చూశారు. పడలేదు. పట్టెడ మీద చేయి వేసి, ఎద్దు వీపుకు తల ఆనించారు.

తల ఎత్తి, “రాఘవమ్మ గారూ, రెండో ఎద్దుకు కూడా మీదే కట్టండి,” అన్నారు.

రెండోదానికి కూడా తెచ్చానని అమ్మ సంచిలో చేయి పెట్టింది. ఆయన తనను మొదటిసారి ‘గారు’ అన్నట్టు ఆమె గమనించిందో లేదో మొహంలో కనపడలేదు. నేను గమనించాను. నాకు ఒళ్లంతా పొంగిపోయింది. రైతుల్లో ఒకాయన మా ఇంటి దారి గుర్తు అడిగితే, ఆమె కన్నా ముందు నేనే చెప్పాను. పేట పేరుతో సహా, గట్టిగా చెప్పాను.

ఉడికిన ముక్కను నేను పారేయలేదు. గాజు సీసాలో వేసి ల్యాబు బీరువాలో, అందరికీ కనపడేచోట పెట్టి, చీటీ అంటించాను. ‘తంగేడు చెక్కతో పదును చేసిన ఎద్దు తోలు. చేసినవారు: రాఘవమ్మ, పెనుగంచిప్రోలు. తప్పుగా పరీక్షించినవారు: కృపారావు, ఎమ్మెస్సీ.’ బర్నరు వెలిగించే ముందు ఆ చీటీ చదవాలని పిల్లలకు నియమం పెట్టాను.

వేసవి సెలవులకు ముందు ఒకరోజు, ఎన్నడూ మా కాలేజీ గడప తొక్కని మా అమ్మ, కంటి డాక్టరు కోసం నందిగామ వచ్చి, ల్యాబు చూస్తానని నాతో వచ్చింది. పిల్లలందరూ ఉన్నారు. ఆమెకు చదువు రాదు. సీసా మీద ఏం రాశావని అడిగితే చదివి వినిపించాను. మూడో వాక్యానికి నవ్వింది. తర్వాత ముక్కను చూసి మొహం చిట్లించింది.

“ఇది నా పని కాదు, నీ పని. నా పేరు రాసినప్పుడు నా తోలు పెట్టాలి,” అని సంచిలోంచి అరచేతంత ముక్క తీసింది. తోలు ముక్కను సంచిలో వేసుకుని కంటి డాక్టరు దగ్గరికి ఎవరు వెళతారు? ఇందుకే వచ్చిందని నాకప్పుడు అర్థమైంది. ముక్కతో పాటు ఉలికత్తి కూడా బయటికి తీసింది. పిల్లల వైపు చూసి, నా వైపు చూసింది.

“కోసి చూపించమంటావా?”

“చూపించమ్మా,” అన్నాను.

నా టేబుల్ ముందు నుంచి పక్కకు తప్పుకున్నాను. అమ్మ అక్కడ నిలబడి ముక్కను బల్ల మీద పెట్టి, మందం ఎక్కడుందో వేలితో వెతికింది. పిల్లలంతా బల్ల చుట్టూ మూగారు. నాకు చోటు దొరక్క, వెనక వరసలో పిల్లల భుజాల మీద నుంచి మెడ చాచి చూశాను.